సైబీరియా జాబితాలోంచి బెర్న్ దాకా
ఆటస్థలాల్లో ఇరవయ్యో శతాబ్దం: 14వ భాగం

పోయిన వారం హంగరీ జట్టును గెలుపు మత్తులో వదిలిపెట్టాం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో బంగారు పతకం వాళ్ళదే. 1953 నవంబరులో వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించి, ఆర్నెల్ల తర్వాత బుడాపెస్టుకు రప్పించి 7-1తో మళ్ళీ ఓడించారు. 1950 నుంచి ఓటమి ఎరగరు. అలాంటివాళ్ళను 1954 జులై 4న స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో, ప్రపంచకప్ ఫైనల్లో, పశ్చిమ జర్మనీ 3-2తో ఓడించింది. కప్పు అందుకున్న జర్మన్ కెప్టెన్ పేరు ఫ్రిట్జ్ వాల్టర్. అప్పటికి 33 ఏళ్ళు.

ఆ ఫైనల్‌ను జర్మన్లు ఈనాటికీ పురాణంలా చెప్పుకుంటారు. వాళ్ళు దాన్ని దేశం కథగా చెబుతారు. నాకు మాత్రం అది బాకీ కథలా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ కెప్టెన్ ఆ రోజు ప్రాణాలతో ఉండటానికి కారణం తొమ్మిదేళ్ళ కిందట ఒక హంగేరియన్ సైనికుడు అన్న ఒక్క మాట. ముందు అక్కడికి వెళ్ళాలి.

ఫ్రిట్జ్ వాల్టర్ 1920 అక్టోబరు 31న కైజర్స్‌లౌటర్న్‌లో పుట్టాడు. ఫ్రాన్సు సరిహద్దుకు దగ్గరగా ఉండే పారిశ్రామిక పట్టణం అది. కుట్టుమిషన్ల తయారీకి పేరు. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో ఉన్న హోటలును ఫ్రిట్జ్ తల్లిదండ్రులే నడిపేవారు. పిల్లలు ఆటగాళ్ళ కాళ్ళ సందుల్లోనే పెరిగారు. పెద్దవాడు ఫ్రిట్జ్, తర్వాత లుడ్విగ్, ఒట్మార్. ఫ్రిట్జ్ పదిహేడేళ్ళకే క్లబ్ ప్రధాన జట్టులోకి వచ్చాడు. దేశం మొత్తం మీద మంచి ఆటగాళ్ళ కోసం వెతుకుతున్న జాతీయ కోచ్ సెప్ హెర్బెర్గర్ కంట్లో పడ్డాడు. హెర్బెర్గర్‌కు పిల్లల్లేరు. ఫ్రిట్జ్‌ను కొడుకులా చూసుకున్నాడు. ఈ కోచ్ 1933 నుంచి నాజీ పార్టీ సభ్యుడన్న సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. యుద్ధం తర్వాత చాలామంది జర్మన్ల సంగతి ఇంతే. మంచి తండ్రులూ, మంచి గురువులూ, జేబులో పార్టీ కార్డూ.

ఫ్రిట్జ్ జాతీయ జట్టులో మొదటిసారి ఆడింది 1940 జులై 14న, ఫ్రాంక్‌ఫర్టులో, రుమేనియా మీద. ఫ్రాన్సు లొంగిపోయి అప్పటికి సుమారు మూడు వారాలే అయింది. జర్మనీ 9-3తో గెలిచింది. పందొమ్మిదేళ్ళ కుర్రాడు మూడు గోల్స్ కొట్టాడు. యుద్ధం నడుస్తున్నా ఫుట్‌బాల్ ఆగలేదు, ఎందుకంటే అది ప్రచారానికి పనికొచ్చింది. 1941లో హిట్లర్ పుట్టినరోజు నాడు జర్మనీ స్విట్జర్లాండు చేతిలో ఓడిపోతే, గెలుపు ఖాయం కాని మ్యాచ్‌లు ఇక పెట్టుకోవద్దని గోబెల్స్ చిందులు తొక్కాడు. ఆ మ్యాచ్ జరిగిందీ బెర్న్‌లోనే.

ఇందులో మన కథకు కావలసిన మ్యాచ్ ఒకటుంది. 1942 మే 3, బుడాపెస్ట్, హంగరీ మీద. సగం ఆట ముగిసేసరికి జర్మనీ 3-1తో వెనకబడింది. తర్వాత నాలుగు గోల్స్ కొట్టి 5-3తో గెలిచింది. స్టేడియంలో కూర్చుని ఆ ఆట చూసినవాళ్ళలో ఒకడు తర్వాత సైనికుడయ్యాడు. అతని పేరు చరిత్రకు ఎక్కలేదు.

1942 నవంబరుతో జర్మనీ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైంది 1950 నవంబరులో. అంటే ఫుట్‌బాలర్ ఒంట్లో సత్తువ మెండుగా ఉండే ఇరవై రెండు నుంచి ముప్పై ఏళ్ళ వయసులో ఫ్రిట్జ్‌కు అంతర్జాతీయ ఆట లేదు. ఆ కాలంలో అతన్ని ముందు వరుస పోరాటానికి పంపకుండా హెర్బెర్గర్ తనకు తెలిసిన అధికారులందరినీ పట్టుకున్నాడు. వాళ్ళలో హెర్మాన్ గ్రాఫ్ అనే యుద్ధవిమాన వీరుడు ఒకడు. ఇతనికి ఫుట్‌బాల్ పిచ్చి, స్వయంగా గోల్‌కీపర్. తన వైమానిక దళంలోకి మంచి ఆటగాళ్ళను లాక్కుని ‘ఎర్ర వేటగాళ్ళు’ అని ఒక జట్టు నడిపాడు. ఊళ్ళు బాంబులకు కూలుతుంటే వీళ్ళు మ్యాచ్‌లు ఆడారు. తర్వాత ఫ్రిట్జ్ ఆ రోజుల మీద పుస్తకమే రాశాడు. ఆ దళం యుద్ధం చివర అమెరికన్లకు లొంగిపోయింది. ఇక ఇంటికే అనుకున్నారు. అమెరికన్లు వాళ్ళను సోవియట్ సైన్యానికి అప్పగించారు.

ఖైదీలను తూర్పుకు తరలించి సిగెత్ అనే చోట శిబిరంలో పెట్టారు. తిస్సా నది ఒడ్డున, ఇప్పుడు రుమేనియాలో ఉన్న ఊరు. యుద్ధంలో హంగరీ చేతిలో ఉండేది. ఏడాది కిందట, 1944 మేలో, ఆ ఊరి యూదులను రైళ్ళలో కుక్కి ఆష్‌విట్జ్‌కు పంపారు. నోబెల్ శాంతి బహుమతి పొందిన రచయిత ఎలీ వీజెల్ ఆ రైళ్ళలో వెళ్ళిన పిల్లల్లో ఒకడు. జర్మన్ ఖైదీ పడ్డ కష్టాలు రాస్తున్నప్పుడు ఈ సంగతి పక్కన పెట్టి రాయడం సబబు కాదు.

సిగెత్‌లో ఫ్రిట్జ్‌కు తమ్ముడు లుడ్విగ్ కలిశాడు. అతనూ ఖైదీయే. సోవియట్లు అక్కడి నుంచి జాబితాల వారీగా మనుషులను రైలెక్కించి సైబీరియా వైపు పంపుతున్నారు. యుద్ధకాలంలో పట్టిన మలేరియా ఫ్రిట్జ్‌ను వదల్లేదు. ఆ ఒంటితో సైబీరియాకు వెళితే తిరిగొచ్చే ఆశ లేదని అతనికి తెలుసు. అన్నదమ్ములిద్దరి పేర్లూ జాబితాలో ఉన్నాయి.

తర్వాత జరిగింది ఫ్రిట్జ్ చెప్పిన కథే. శిబిరం కాపలావాళ్ళు తీరిక దొరికినప్పుడు బంతి ఆడేవాళ్ళు. వాళ్ళలో హంగేరియన్లూ స్లోవాక్‌లూ ఉన్నారు. ఒకరోజు బంతి దొర్లుకుంటూ ఫ్రిట్జ్ దగ్గరకు వచ్చింది. కాలితో వెనక్కి పంపాడు. ఆ పంపిన తీరు చూసి ఆటలోకి రమ్మన్నారు. కాసేపయ్యాక ఒక హంగేరియన్ కాపలాదారు దగ్గరకొచ్చి, నువ్వెవరో నాకు తెలుసు, బుడాపెస్టులో మమ్మల్ని 5-3తో ఓడించిన రోజు నేను అక్కడే ఉన్నాను అన్నాడు. మాట పై అధికారి దాకా వెళ్ళింది. మర్నాడు జాబితాలో అన్నదమ్ముల పేర్లు లేవు. 1945 అక్టోబరులో ఇద్దరూ ఇల్లు చేరారు. మూడోవాడు ఒట్మార్ నౌకాదళంలో మోకాలికి గాయమై బతికి బయటపడ్డాడు.

కైజర్స్‌లౌటర్న్ అప్పుడు ఫ్రెంచి సైన్యం ఏలుబడిలో ఉంది. తిండికి లేదు. ఫ్రిట్జ్ ఆడుతూనే జట్టుకు శిక్షణ కూడా తానే ఇచ్చి, కుర్రాళ్ళను చేరదీసి క్లబ్బును నిలబెట్టాడు. 1948లో జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్ చేరి న్యూరెంబర్గ్ చేతిలో ఓడారు. 1951లోనూ 1953లోనూ గెలిచారు. అదే ఏళ్ళలో స్పెయిన్ క్లబ్ అట్లెటికో మాడ్రిడ్ లక్షల మార్కులు చేతిలో పెడతామంది. అప్పట్లో జర్మన్ క్లబ్బుల్లో నెల జీతానికి 320 మార్కుల హద్దు ఉండేది. పెద్ద పెద్ద ఆటగాళ్ళు కూడా పక్కన ఏదో ఒక వ్యాపారం చేసుకునేవాళ్ళు. ఫ్రిట్జ్‌కు ఒక సినిమాహాలు, ఒక లాండ్రీ ఉండేవి. భార్య ఇటాలియాతో మాట్లాడుకుని మాడ్రిడ్‌కు రానని చెప్పేశాడు. ఊరు, క్లబ్బు, హెర్బెర్గర్ ముగ్గురూ ఇక్కడే ఉన్నారు కదా అన్నది అతని లెక్క. దీన్ని త్యాగంగా రాయడం జర్మన్ పత్రికలకు ఇష్టం. నా మటుకు, అతను కొత్తచోటుకు భయపడ్డాడనుకున్నా అందులో తప్పేం లేదు. యుద్ధంలో తిరిగి తిరిగి అలసినవాడు.

నిజానికి అతను ధీమాగల మనిషి కాడు. మైదానంలో జట్టంతటినీ నడిపే మెదడు. బయట ఒక విమర్శ చదివితే నిద్రపట్టదు. 1952లో ప్యారిస్‌లో ఫ్రాన్సు చేతిలో ఓడాక పత్రికలు అతన్ని ఏకిపారేస్తే ఇక జాతీయ జట్టు వద్దన్నాడు. హెర్బెర్గర్ బతిమాలి, గదిమి, మళ్ళీ పట్టుకొచ్చాడు. 1954 ప్రపంచకప్‌కు ముందూ అలాంటిదే. మే 23న జర్మన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో కైజర్స్‌లౌటర్న్ హానోవర్ చేతిలో 5-1తో చిత్తయింది. ఆ ముసలి జట్టులోంచి ఎవర్నీ స్విట్జర్లాండు తీసుకెళ్ళొద్దని గోల. హెర్బెర్గర్ ఐదుగురిని తీసుకెళ్ళాడు. ఫ్రిట్జ్, ఒట్మార్, లీబ్రిష్, ఎకెల్, కోల్‌మేయర్. ఐదుగురూ ఫైనల్ ఆడారు.

హెర్బెర్గర్ ఇంకో పని చేశాడు. ష్పీట్జ్ అనే సరస్సు ఒడ్డు ఊళ్ళో జట్టు బస. అక్కడ ఫ్రిట్జ్ గదిలో హెల్మూట్ రాన్‌ను పెట్టాడు. రాన్ ఎస్సెన్ బొగ్గు గనుల ప్రాంతపు కుర్రాడు, ఏ దిగులూ లేని వాగుడుకాయ. ప్రపంచకప్‌కు కాస్త ముందు తన క్లబ్బుతో దక్షిణ అమెరికా తిరుగుతుంటే టెలిగ్రాం కొట్టి పిలిపించారు. ఫ్రిట్జ్ దిగాలు పడ్డప్పుడల్లా నవ్వించడమే అతని డ్యూటీ. ఫైనల్లో రెండు గోల్స్ కొట్టింది ఇతనే.

టోర్నమెంటు గురించి టూకీగా చెబుతాను. టర్కీ మీద 4-1. తర్వాత హంగరీతో మ్యాచ్. హెర్బెర్గర్ సగానికి పైగా రిజర్వు ఆటగాళ్ళను దించి 8-3తో ఓడాడు. ఫ్రిట్జ్ ఆ మ్యాచ్‌లోనూ ఉన్నాడు. కోచ్‌కు తిట్ల ఉత్తరాలు వచ్చాయి. కానీ అప్పటి నిబంధనల ప్రకారం టర్కీతో మళ్ళీ ఆడి గెలిస్తే చాలు. 7-2తో గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో యుగోస్లావియా మీద 2-0. రెండేళ్ళ కిందట హెల్సింకిలో మన భారత జట్టు మీద పది గోల్స్ కొట్టిన యుగోస్లావియా ఇదే. ఆనాడు మన కోచ్ హైదరాబాద్ రహీం సాబ్, మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. సెమీ ఫైనల్లో ఆస్ట్రియా మీద 6-1. అందులో అన్నదమ్ములు ఫ్రిట్జ్, ఒట్మార్ చెరి రెండు గోల్స్ కొట్టారు.

ఇక ఫైనల్. పొద్దున మబ్బు పట్టింది, మధ్యాహ్నానికి వాన. మలేరియా మిగిల్చిన ఒంటితో ఫ్రిట్జ్ ఎండలో సగం ఆట కూడా సరిగా ఆడలేడు. వానలో, బురదలో మాత్రం వేరే మనిషి. జర్మనీలో ఇప్పటికీ మ్యాచ్ రోజు చినుకులు పడితే ఫ్రిట్జ్ వాల్టర్ వాతావరణం అంటారు. జట్టు వెంట వచ్చిన బూట్ల వ్యాపారి ఆడి డాస్లర్, తర్వాత ఆడిడాస్‌గా ప్రపంచం ఎరిగిన కంపెనీ యజమాని, మర బిగించే స్టడ్లు తయారుచేసి ఉంచాడు. నేల మెత్తబడగానే పొడుగాటివి బిగించారు. హంగేరియన్ల బూట్లకు ఆ వీలు లేదు.

అయినా ఎనిమిది నిమిషాల్లో హంగరీ 2-0. పుష్కాష్ ఒకటి, చిబోర్ ఒకటి. 8-3 రోజు లీబ్రిష్ తన్నిన దెబ్బకు పుష్కాష్ చీలమండ ఇంకా నయం కాలేదు, ఐనా గోల్ కొట్టాడు. పదో నిమిషంలో మోర్లోక్ ఒకటి తిరగ్గొట్టాడు. పద్దెనిమిదో నిమిషంలో ఫ్రిట్జ్ కార్నర్ నుంచి పంపిన బంతిని రాన్ గోల్లోకి తన్నాడు. 2-2. ఆ తర్వాత గంటకు పైగా హంగరీ దాడులే. బంతి గోలుపోస్టుకు తగిలింది, పైకర్రకు తగిలింది, గోల్‌కీపర్ టూరెక్ చేతులకు తగిలింది. 84వ నిమిషంలో రాన్ ఎడమకాలితో మూడో గోల్. రేడియోలో హెర్బర్ట్ జిమ్మర్‌మాన్ గొంతు చించుకున్నాడు. చివరి నిమిషాల్లో పుష్కాష్ మళ్ళీ బంతిని గోల్లో వేశాడు. వేల్స్‌కు చెందిన లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. ఆ జెండా మీద హంగరీలో వాదన ఇంకా ఆగలేదు.

జర్మన్లు సంబరంలో హద్దు మరిచారు. స్టేడియంలోనే కొందరు జాతీయగీతంలో అప్పటికి పాడకూడదనుకున్న మొదటి చరణం అందుకున్నారు. మ్యూనిక్ సభలో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు పెకో బావెన్స్ మాటలు పాతకాలం నాయకభక్తి వైపు జారితే, బవేరియా రేడియో ప్రసారం మధ్యలోనే ఆపేసింది. దేశాధ్యక్షుడు హాయిస్ తర్వాత అతనికి మెత్తగా చీవాట్లు పెట్టాడు. వీటన్నిటి మధ్యా ఫ్రిట్జ్ పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఆ శరదృతువులో జట్టులో చాలామందికి కామెర్లు వచ్చాయి, ఫ్రిట్జ్‌కూ వచ్చాయి. దాంతో అనుమానం ఆటకు ముందు ఇచ్చిన ఇంజెక్షన్ల మీదకు పోయింది. ఇంజెక్షన్లు ఇచ్చిన మాట నిజం. విటమిన్ సి అని డాక్టరు చెప్పాడు. యుద్ధంలో సైనికులకు ఇచ్చిన ఉత్తేజక మందు అయి ఉండొచ్చని తర్వాతి పరిశోధకులు అనుమానించారు. జర్మన్లు మందు వాడారన్న మాట పుష్కాష్ 1957లోనే ఒక పత్రికతో అనేశాడు. కోపం వచ్చిన జర్మన్ సమాఖ్య, పుష్కాష్ ఉన్న ఏ జట్టుతోనూ ఆడొద్దని తన క్లబ్బులకు తాఖీదు ఇచ్చింది. 1960లో అతను క్షమాపణ రాసిచ్చాకే, అప్పటికి అతను ఆడుతున్న రియల్ మాడ్రిడ్‌తో జర్మన్ క్లబ్ ఫ్రాంక్‌ఫర్ట్ యూరప్ క్లబ్బుల కప్ ఫైనల్ ఆడింది.

1955 ఆగస్టు 21. ప్రపంచ ఛాంపియన్ల జట్టు మాస్కో వెళ్ళింది. సైబీరియా జాబితాలోంచి పేరు కొట్టేయించుకున్న మనిషి పదేళ్ళకు డైనమో స్టేడియంలోకి కెప్టెన్‌గా నడిచాడు. ఒక గోల్ కొట్టాడు కూడా. సోవియట్లు 3-2తో గెలిచారు. అప్పటికింకా వేలమంది జర్మన్ ఖైదీలు సోవియట్ శిబిరాల్లోనే ఉన్నారు. మరుసటి నెల జర్మన్ ఛాన్సలర్ ఆడెనావర్ మాస్కో వెళ్ళి, మిగిలిన సుమారు పది వేల మందిని విడిపించుకొచ్చాడు. మ్యాచ్ వల్లే ఇది జరిగిందనడం అబద్ధం. ఐతే ఆ రెండు ప్రయాణాల మధ్య నెల రోజుల తేడా కూడా లేదు.

1956 అక్టోబరులో లైప్‌జిగ్‌లో, కమ్యూనిస్టు తూర్పు జర్మనీలో, దాదాపు లక్షమంది ముందు కైజర్స్‌లౌటర్న్ అక్కడి విస్ముట్ జట్టుతో ఆడింది. ఫ్రిట్జ్ ముందుకు పడిపోతూ, తన వెనకగా వచ్చిన బంతిని మడమతో తల మీదుగా గోల్లోకి కొట్టాడు. తూర్పువాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఆ నెలాఖరుకే బుడాపెస్ట్ భగ్గుమంది. నవంబరులో సోవియట్ ట్యాంకులు ఆ తిరుగుబాటును అణిచేశాయి. పుష్కాష్, కోచిష్, చిబోర్ ఆడే హోన్వేద్ క్లబ్ అప్పుడు మ్యాచ్‌ల కోసం విదేశాల్లో ఉంది. ఇల్లు తగలబడుతుంటే ఊరవతల చిక్కుకుపోయిన కుటుంబంలా అయింది వాళ్ళ పని. అలా చిక్కుకున్న హంగేరియన్ ఆటగాళ్ళకు మ్యాచ్‌లు కుదర్చడంలో, డబ్బు సర్దడంలో ఫ్రిట్జ్ చేయి వేశాడని చెబుతారు. సిగెత్ కథ తెలిసినవాళ్ళకు అందులో ఆశ్చర్యం కనబడదు.

1958 స్వీడన్ ప్రపంచకప్‌కు హెర్బెర్గర్ మళ్ళీ బతిమాలితే ముప్పై ఏడేళ్ళ వయసులో వెళ్ళాడు. సెమీ ఫైనల్లో స్వీడన్ చేతిలో గాయపడ్డాడు. ఒక ఆటగాడికి బదులు ఇంకొకణ్ణి దించే పద్ధతి అప్పట్లో లేదు. జర్మనీ 3-1తో ఓడింది. ఆ మ్యాచ్‌తో అతని అంతర్జాతీయ ఆట ముగిసింది. 61 మ్యాచ్‌లు, 33 గోల్స్. 1959లో క్లబ్ ఆట కూడా మానేశాడు. జీవితమంతా ఒకే క్లబ్బు. తర్వాత పక్కనున్న ఆల్జెన్‌బోర్న్ అనే పల్లెలో ఇల్లు కట్టుకుని, ఆ పల్లె జట్టు పైస్థాయి లీగు గుమ్మం దాకా వెళ్ళేందుకు తోడ్పడ్డాడు. హెర్బెర్గర్ పేరిట పెట్టిన ఫౌండేషన్ తరఫున జైళ్ళకు వెళ్ళి ఖైదీలతో మాట్లాడేవాడు. కాపలావాళ్ళ దయ మీద బతికిన మనిషికి జైలు గోడల లోపల ఏం మాట్లాడాలో తెలుసు.

1985లో కైజర్స్‌లౌటర్న్ స్టేడియానికి అతని పేరు పెట్టారు. 2006 ప్రపంచకప్ మ్యాచ్‌లు తన ఊళ్ళో జరగాలని పట్టుబట్టి తిరిగాడు, సాధించాడు, చూడలేదు. 2002 జూన్ 17న, 81వ ఏట, ఆల్జెన్‌బోర్న్‌లో చనిపోయాడు.

తర్వాతి తరాల జర్మన్ ఆటగాళ్ళు బెకెన్‌బావర్, గెర్డ్ ముల్లర్, మాథెయస్ ఇతనికంటే ఎక్కువ గెలిచారు. ఆటలో కూడా మించినవాళ్ళే కావచ్చు. కానీ జర్మన్ సమాఖ్య మొట్టమొదట గౌరవ కెప్టెన్ బిరుదు ఇచ్చింది ఫ్రిట్జ్ వాల్టర్‌కే. నా లెక్కలో అది సరైన నిర్ణయం.

(వచ్చే వారం: సొంత దేశం తలుపులు మూసుకున్నాక, బొజ్జ పెరిగిన పుష్కాష్ ముప్పై ఒకటో ఏట మాడ్రిడ్‌లో మళ్ళీ ఎలా మొదలుపెట్టాడు?)